గ్రంథపాతం: హార్డు డిస్కు మీది చిల్లుల చరిత్ర

తాళపత్ర గ్రంథాలను పరిష్కరించినవారికి ‘గ్రంథపాతం’ అన్న మాట కొత్తది కాదు. ఆకు అంచు విరిగినా, పురుగు తొలిచినా, గంటపు గీతలోని మసి చెరిగి అక్షరం కనబడకపోయినా, పరిష్కర్త అక్కడ చుక్కలు పెట్టి, ఇంతమేర గ్రంథపాతమని అడుగున వ్రాసి ముందుకు సాగుతాడు. కంప్యూటరు హార్డు డిస్కులో ఇదే అవస్థకు బ్యాడ్ సెక్టరు అని పేరు. మొదటి మాట నాకు విద్యార్థి దశలోనే పరిచయం. రెండవది బడిలో పద్యాలు చెప్పుకొంటున్న కాలంలో, పాత కంప్యూటరు పుణ్యమా అని పరిచయమైనది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడగా ఒక సంగతి తోచింది. డిస్కు మీద చిల్లులు దాని పుట్టుక నుంచీ ఉన్నాయి. డెబ్బై ఏళ్ళలో ముఖ్యంగా మారినది ఆ చిల్లుల లెక్క ఎవరి చేతిలో ఉన్నదన్నదే. ఆ లెక్క మన చేతి నుంచి జారిపోయిన కథే ఈ వ్యాసం.

మిత్రులారా, ఇది మనకు సంబంధం లేని చరిత్ర కాదు. మనలో చాలామందిమి 2000ల దశకంలో లేఖినితోనో, బరహతోనో యూనికోడు తెలుగు వ్రాయడం మొదలుపెట్టినవాళ్ళం. అంతకు ముందు ఏ ఫాంటు దొరికితే ఆ ఫాంటులో టైపు చేసుకొన్నాం. ఆనాటి కంప్యూటర్లు పాత సామానులోకి వెళ్ళిపోయాయి. వాటిలోంచి ఊడదీసిన డిస్కులు మాత్రం గుడ్డలో చుట్టుకొని బీరువా అడుగు అరలలో పడి ఉన్నాయి. మరెక్కడా ప్రతి లేని వ్రాతలు వాటిలో ఉన్నాయి. తాటాకుకు పురుగు పట్టడం కంటికి కనిపిస్తుంది. డిస్కుకు పట్టే పురుగు కనిపించదు.

మొదటి హార్డు డిస్కు 1956లో వచ్చింది. కాలిఫోర్నియాలోని శాన్ హోసే నగరంలో, రేనాల్డ్ జాన్సన్ నాయకత్వాన పనిచేసిన ఐబీఎం ప్రయోగశాల దానిని తయారుచేసింది. రామాక్ అనే కంప్యూటరుకు అది అంగం. 24 అంగుళాల వ్యాసం గల పళ్ళేలు 50, ఒకే ఇరుసు మీద నిలిచి తిరిగేవి. ఒక్కొక్క సెక్టరులో 100 అక్షరాల చొప్పున మొత్తం 50 లక్షల అక్షరాలు పట్టేవి. పళ్ళేనికి పూత పూసిన విధానం వింటే మన కంసాలి కొలిమి గుర్తుకు వస్తుంది. ఇనుప ఆక్సైడు కలిపిన రంగును మేజోళ్ళ పలుచని గుడ్డలో వడగట్టి, కాగితపు కప్పుతో తిరుగుతున్న పళ్ళెం నడుమ పోసేవారు. ఆ తిరుగుడుకు రంగు అంచుల దాకా పలుచగా పరచుకొనేది. ఎంత వడగట్టినా ఎక్కడో ఒక నలుసు మిగులుతుంది, ఎక్కడో ఒక బుడగ పేలుతుంది. ఆ చోట అయస్కాంత గుణం సరిగా నిలువదు. బ్యాడ్ సెక్టరుకు జన్మస్థానం అదే.

తయారీలోనే పుట్టే లోపం ఒక రకం. వాడుకలో వచ్చేది మరొక రకం. రామాక్‌లో వ్రాత తల పళ్ళేనికి సుమారు 20 మైక్రోమీటర్ల ఎత్తున ఉండేది. నేటి డిస్కులలో ఆ ఎత్తు కొన్ని నానోమీటర్లే, అంటే వేల రెట్లు తక్కువ. పొగ కణం కూడా ఆ సందులో పట్టదు. చిన్న కుదుపుకు తల పళ్ళేన్ని తాకితే పూత గీసుకుపోతుంది, రాలిన పొడి మరికొన్ని చోట్ల గీతలు పెడుతుంది. అందుకే ఒక చిల్లు పడిన డిస్కులో, దాని పరిసరాలలోనే మరికొన్ని పడటం తరచుగా కనిపిస్తుంది. తాటాకులో పురుగు ఒక ఆకుతో ఆగక కట్టలోని ఆకులన్నింటిలోనూ ఒకే దారి తొలుచుకుపోయినట్లే ఇది.

లోపం లేని పళ్ళెం తయారుచేయడం అసాధ్యమని ఇంజనీర్లు త్వరగానే గ్రహించారు. 1964లో ఐబీఎం సిస్టమ్ 360తో పాటు వచ్చిన 2311 డిస్కులో 203 సిలిండర్లు ఉండేవి. వాడుకకు 200 మాత్రమే. తక్కిన మూడూ చెడిన ట్రాకుల స్థానే వాడుకొనేందుకు కేటాయించినవి. పెళ్ళి భోజనాలకు పిలిచిన లెక్క కంటే పది విస్తళ్ళు ఎక్కువ కోసినట్లు, నష్టాన్ని ముందే ఊహించి చేసిన ఏర్పాటు ఇది. చెడిన ట్రాకు మీద, ఇది చెడినది, ఫలానా చోటికి వెళ్ళు అన్న గుర్తు ఉండేది. నష్టం దాగలేదు. దాని చిరునామా వ్రాసి ఉన్నది.

రెండవ ఏర్పాటు గణితం నుంచి వచ్చింది. బెల్ ప్రయోగశాలలో పనిచేసిన రిచర్డ్ హామింగ్‌కు 1940ల చివర ఒక చిక్కు ఎదురయ్యేది. వారాంతంలో యంత్రానికి లెక్క అప్పగించి వెళితే, అది తప్పు కనిపెట్టగానే ఆ లెక్కను అక్కడే వదిలేసేది. తప్పు జరిగిందని పట్టుకోగల యంత్రం, అది ఎక్కడ జరిగిందో కూడా పట్టుకొని దిద్దుకోలేదా అన్నది ఆయన ప్రశ్న. దానికి సమాధానంగా 1950లో దోషాలను సరిదిద్దే సంకేతాలను ప్రకటించారు. 1960లో ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సాలమన్ మరింత శక్తిమంతమైన పద్ధతిని ప్రతిపాదించారు. 1970లో వచ్చిన ఐబీఎం 3330 డిస్కు వ్యవస్థ, వరుసగా 11 బిట్ల వరకు చెడినా తనంతట తాను దిద్దుకొనేది. చిన్న లోపాలు ఉన్న పళ్ళేన్ని కూడా దానితో వాడుకలోకి తేగలిగారు.

ఈ దిద్దుబాటు మర్మం మనకు కొత్తదేమీ కాదు. ఉత్పలమాలను చూడండి. పాదానికి 20 అక్షరాలు, పదవ అక్షరం యతిస్థానం, నాలుగు పాదాలలోనూ రెండవ అక్షరానికి ప్రాస. వ్రాతప్రతిలో ఒక అక్షరం జారిపోతే గణం కుంటుతుంది, నష్టం జరిగిందని తెలుస్తుంది. జారినది రెండవ అక్షరమైతే, హల్లు ఏదో తక్కిన మూడు పాదాలు చెబుతాయి. యతిస్థానంలో పోతే మొదటి అక్షరం కొంత దారి చూపుతుంది. అర్థానికి అవసరమైనదాని కంటే ఎక్కువ నియమాలను పద్యం మోస్తున్నది. ఆ ఎక్కువే నష్టకాలంలో ఆదుకొంటున్నది. డిస్కులో ప్రతి సెక్టరు వెంట వ్రాసే దిద్దుబాటు బైట్లు కూడా అలాంటివే. 512 బైట్ల సెక్టరుకు సుమారు 50 బైట్లు అదనంగా అవసరమయ్యేవి. 2011 నుంచి కొత్త డిస్కులు 4096 బైట్ల సెక్టరుకు మారినప్పుడు, అంత పెద్ద సెక్టరుకు సుమారు 100 బైట్లతోనే మరింత గట్టి రక్షణ సాధ్యమైనది. పద్యం పెద్దదైనకొద్దీ ఛందస్సు ఖర్చు తగ్గినట్లన్నమాట. అయితే ఛందస్సు ఒకటి రెండు అక్షరాలను తిరిగి ఇవ్వగలదు గాని, పాదమంతా పోతే ఇవ్వలేదు. దిద్దుబాటు బైట్ల శక్తికి మించి చెడినప్పుడు డిస్కు చేతులెత్తేస్తుంది. అప్పుడు మనకు కనబడేదే బ్యాడ్ సెక్టరు.

ఇక ఇళ్ళలోకి వచ్చిన డిస్కుల సంగతి. 1980లో షుగార్ట్ టెక్నాలజీ అనే సంస్థ, తరువాతి కాలపు సీగేట్, 5 మెగాబైట్ల చిన్న డిస్కును తెచ్చింది. 1983లో ఐబీఎం పీసీ ఎక్స్‌టీ 10 మెగాబైట్ల డిస్కుతో వచ్చింది. ఆ తరం డిస్కుల పైమూత మీద ఒక చీటీ అంటించి ఉండేది. ఫలానా సిలిండరు, ఫలానా తల దగ్గర లోపం అని కర్మాగారంలో పరీక్షించి వ్రాసిన పట్టిక అది. డిస్కు కొన్నవాడు, లేదా బిగించినవాడు, ఆ అంకెలను లో లెవెల్ ఫార్మాటు సమయంలో తానే టైపు చేయాలి. ఆ చోట్లలో ఫైళ్ళు పడకుండా డాస్ తన పట్టికలో ఒక ప్రత్యేక సంఖ్యతో గుర్తు పెట్టుకొనేది. కొత్త సరుకు మీదే దాని లోపాల చిట్టా అంటించి అమ్మిన కాలం అది. నాకు ఈ పద్ధతి మీద గౌరవం. చూచిన ప్రతిలో ఎలా ఉన్నదో అలాగే వ్రాశానని గ్రంథాంతంలో చెప్పుకొన్న మన లేఖకుల నిజాయితీ అందులో ఉన్నది.

1993లో డాస్‌తో పాటు వచ్చిన స్కాన్‌డిస్కును మనలో చాలామంది చూసే ఉంటారు. నీలి తెర మీద చిన్న చిన్న గడులు వరుసగా నిండుతూ పోయేవి, చెడిన చోట ‘బీ’ అక్షరం పడేది. ఆ అక్షరం పడినప్పుడల్లా గుండె ఝల్లుమనేది. మన ఊళ్ళలో చాలామంది ఆ చెడిన భాగాన్ని ఏ పార్టిషన్‌లోనూ చేరకుండా వదిలేసి, మిగిలిన మేర వాడుకొనేవారు. చవుడు తేలిన మడిని విడిచి పక్క మడి దున్నుకోవడం లాంటి పని. రైతుకు ఏ మడి చవిటిదో తెలుసు కనుక అది సాధ్యమైనది.

ఆ ఎరుక క్రమంగా మన నుంచి తొలగింది. 1986 ప్రాంతంలో ఐడీఈ పద్ధతి వచ్చింది. అంతవరకు విడి కార్డు మీద ఉన్న నియంత్రణ వ్యవస్థ డిస్కు వీపుకే చేరింది. దానితో లోపాల పట్టిక కూడా మూత మీది చీటీ నుంచి డిస్కు లోపలికి పోయింది. లోపల రెండు పట్టికలు ఉంటాయి. కర్మాగారంలో పట్టుబడిన లోపాలది ఒకటి, వాడుకలో పెరిగినవాటిది రెండవది. ఒక సెక్టరు చెడితే డిస్కు దాని స్థానే అదనపు సెక్టరును చేర్చి, పాత సంఖ్యతోనే చూపిస్తుంది. మనకు ఏ తేడా తెలియదు. సౌకర్యమే, కాదనను. కాని లోపమే లేదన్న భ్రమ కూడా అప్పుడే మొదలైంది. నేడు డిస్కు తనంతట తానుగా బ్యాడ్ సెక్టరును మనకు చూపించిందంటే, లోపలి ప్రయత్నాలు అక్కడ విఫలమయ్యాయని అర్థం. 1985 నాటి బ్యాడ్ సెక్టరు పుట్టుమచ్చ వంటిది. నేటిది జ్వరం వంటిది.

దాగిన లెక్కను కొంత బయటపెట్టాలన్న ఆలోచన ఐబీఎంలో 1992లో, కాంపాక్‌లో 1995లో రూపుకట్టి, స్మార్ట్ అనే పేరుతో స్థిరపడింది. డిస్కు తన ఆరోగ్యపు అంకెలను తానే నమోదు చేసుకొంటుంది. స్మార్ట్‌మోన్‌టూల్స్, క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో వంటి ఉచిత పరికరాలతో వాటిని చూడవచ్చు. అందులో ముఖ్యంగా మూడు వరుసలు చూడాలి. 5వ సంఖ్య, స్థానం మార్చిన సెక్టార్లు ఎన్నో చెబుతుంది. 197, చదవడానికి మొరాయించి తీర్పు కోసం ఎదురుచూస్తున్న సెక్టార్లది. 198, దిద్దుబాటుకు లొంగనివాటిది.

ఈ అంకెలను ఎంతవరకు నమ్మవచ్చు? 2007లో రెండు పెద్ద పరిశీలనలు వెలువడ్డాయి. మొదటిదాన్ని గూగుల్‌కు చెందిన పినేరో, వెబర్, బరోసో లక్షకు పైగా డిస్కుల మీద చేసి, రామాక్ పుట్టిన ఆ శాన్ హోసేలోనే జరిగిన సదస్సులో సమర్పించారు. ఉపరితల పరీక్షలో తొలి దోషం బయటపడిన డిస్కు, దోషం లేనిదానితో పోలిస్తే 60 రోజులలోపు చెడిపోయే అవకాశం 39 రెట్లు ఎక్కువని వారు తేల్చారు. అదే వ్యాసంలో మరొక సంగతి ఉన్నది. చెడిపోయిన డిస్కులలో మూడవ వంతుకు పైగా, ఏ అంకెలోనూ ఏ హెచ్చరికా లేకుండానే పోయాయి. రెండవ పరిశీలన 15 లక్షల 30 వేల డిస్కులను 32 నెలల పాటు గమనించింది. వాటిలో 3.45 శాతం డిస్కులలో చదవబోయే దాకా తెలియని చిల్లులు కనిపించాయి. ఈ రెంటి సారం ఒక్కటే. డిస్కు హెచ్చరిస్తే వెంటనే నమ్మండి. హెచ్చరించకపోతే మాత్రం నమ్మకండి.

ఇక్కడ ఒక అనుభవం చెబుతాను. 2003, 2004 సంవత్సరాలలో మా పిల్లలచేత వాళ్ళ నాయనమ్మల, అమ్మమ్మల నోటి పలుకుబడులు వ్రాయించి, నేను ఒక ఫైలులో టైపు చేసుకొన్నాను. నాలుగు వందలకు పైగా మాటలు. 2011లో ఆ డిస్కు తెరుచుకోవడం మానేసింది. ఊళ్ళోని మరమ్మతు దుకాణంలో, ‘‘ఫార్మాటు కొడితే బాగైపోతుంది మాస్టారూ’’ అన్నారు. బాగయ్యేది డిస్కు, పోయేది అందులోని వ్రాత. సెలవులకు వచ్చిన మా మేనల్లుడు మాత్రం, ‘‘మామయ్యా, దీన్ని బాగుచేసే ప్రయత్నం వద్దండి. ముందు ప్రతి తీసుకుందాం’’ అన్నాడు. నా చెవికి అది పరిష్కర్త మాటలా వినిపించింది.

అతను వాడినది డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాము. ఆంటోనియో డియాజ్ డియాజ్ 2004 నుంచి దానిని తీర్చిదిద్దుతున్నారు. దాని పనితీరు చూస్తే ముచ్చట వేసింది. చెడిన చోట మొండిగా పోట్లాడి డిస్కును అలసిపోనివ్వదు. తేలికగా చదవగల భాగాలన్నింటినీ ముందు వేరొక డిస్కుకు చేరవేస్తుంది. మొరాయించిన చోట్లను గుర్తు పెట్టుకొని, చివరలో వాటి దగ్గరకు వచ్చి అంచుల నుంచి కొద్దికొద్దిగా గీరుకొంటుంది. ఎక్కడెక్కడ దొరకలేదో ఒక పట్టిక వ్రాసి ఉంచుతుంది. 1980ల డిస్కు మూత మీది చీటీ మళ్ళీ మన చేతికి వచ్చినట్లే. రెండు రాత్రులు గడిచాక కొద్ది సెక్టార్లు మినహా అంతా వచ్చింది. దురదృష్టవశాత్తు ఆ కొద్దిలో ఒకటి నా ఫైలు నడుమ పడింది. పన్నెండు పలుకుబడులు లేవు.

అదే ఫైలు తొలి రూపం ఒక ఫ్లాపీలో ఉండేది. ఆ ఫ్లాపీ కూడా చెడినదే, అయితే వేరే చోట్ల. రెండింటినీ సరిపోల్చగా ఎనిమిది తిరిగి వచ్చాయి. నాలుగు రాలేదు. అవి చెప్పిన ముసలమ్మలు అప్పటికే లేరు. ఆ నాలుగింటి స్థానంలో చుక్కలు పెట్టి, గ్రంథపాతమని వ్రాశాను. నా ఊహతో పూరించలేదు.

ఈ సరిపోల్చే పద్ధతి మనకు పెద్దలు చూపినదే. సి.పి. బ్రౌను 1820లలో కడపలో తెలుగు గ్రంథాల మీద కృషి ఆరంభించినప్పుడు, ఒక కావ్యానికి ఒక ప్రతితో తృప్తిపడలేదు. వేర్వేరు ఊళ్ళ నుంచి పలు ప్రతులు తెప్పించి, పండితులను జీతాలిచ్చి నియమించి, పాఠాలు సరిచూపించి, శుద్ధప్రతులు వ్రాయించాడు. ఏ ప్రతీ నిర్దుష్టం కాదు. అయితే రెండు ఊళ్ళలోని పురుగులు ఒకే అక్షరాన్ని తినవు. డీడీరెస్క్యూ కరదీపికలో ఈ సూత్రమే ఉన్నది. ఒకే దానికి చెడిన ప్రతులు రెండు మూడు ఉంటే, ఒకదాని తరువాత ఒకటిగా వాటినన్నింటినీ ఒకే గమ్యంలోకి చదివిస్తే, నిండు ప్రతి దొరికే అవకాశం బాగా ఉన్నదని దాని భావం. ఆ వాక్యం చదివినప్పుడు బ్రౌను కొలువులోని పండితులు కళ్ళముందు మెదిలారు.

కనుక బీరువాలో పాత డిస్కు ఉన్న మిత్రులకు నా విన్నపం ఇది. అన్ని బ్యాడ్ సెక్టార్లూ ఒక జాతివి కావు. వ్రాస్తుండగా కరెంటు పోతే, అక్షరాలకు దిద్దుబాటు బైట్లకు పొత్తు కుదరక సెక్టరు చెడినట్లు కనిపిస్తుంది. పళ్ళేనికి ఏ గాయమూ ఉండదు, మళ్ళీ వ్రాస్తే సరిపోతుంది. కరెంటు కోతల కాలంలో మన ఇళ్ళలో ఇది సామాన్యం. పూత గీసుకుపోయినది వేరు, దానికి మందు లేదు. బయటి నుంచి చూసి ఈ రెండింటినీ వేరుచేయడం కష్టం. కనుక రెండు సందర్భాలలోనూ మొదటి పని ప్రతి తీయడమే. డిస్కు నుంచి టకటక చప్పుడు వస్తుంటే వెంటనే ఆపివేసి, డేటా వెలికితీసే నిపుణుల దగ్గరకు తీసుకువెళ్ళాలి. చప్పుడు లేకపోతే దాని మీద ఏమీ వ్రాయకుండా, మరొక డిస్కు మీదికి ప్రతి తీయాలి. చెక్‌డిస్కు వంటి మరమ్మతు ఆజ్ఞలను ప్రతి తీశాకనే, అదీ ప్రతి మీదనే నడపాలి. పూర్తి ఫార్మాటు తరువాత 197వ అంకె సున్నాకు దిగితే డిస్కు నయమైనదని పొరబడరాదు. ఎదురుచూస్తున్న సెక్టార్ల మీద కొత్తగా వ్రాయగానే, అవి నిలిచో, స్థానం మారో, ఆ వరుస నుంచి తొలగుతాయి. పట్టిక తుడుచుకొన్నంత మాత్రాన గాయం మానదు.

తిరిగే పళ్ళేలు లేని ఎస్ఎస్‌డీలు వచ్చాయి గదా అనవచ్చు. వాటిలోని ఫ్లాష్ చిప్పులు కూడా కర్మాగారంలోనే కొన్ని చెడిన బ్లాకుల గుర్తులతో బయటకు వస్తాయి. లెక్క అక్కడ కూడా లోపలే ఉంటుంది. పైగా కరెంటు తగలకుండా ఏళ్ళ తరబడి అరలో పెడితే వాటిలోని విద్యుదావేశం క్రమంగా కారిపోతుంది. భద్రతకు తావు మార్చినంత మాత్రాన చాలదు.

మన పూర్వులు తాటాకును అమరం చేసే ప్రయత్నంలో కాలం గడపలేదు. పసుపు పూశారు, గుడ్డలో చుట్టారు, ఆ పైన ఆకుకు ఆయువు ఉన్నదని ఒప్పుకొని, అది తీరకముందే మరొక ప్రతి వ్రాసుకొన్నారు. వేయేళ్ళ నాటి పద్యం నేడు మన నోట ఉన్నదంటే ఏ ఒక్క ఆకో వేయేళ్ళు నిలిచినందువల్ల కాదు, ప్రతి తరంలోనూ ఎవరో ఒకరు కూర్చుని ఎత్తి వ్రాసినందువల్ల. డిస్కు కూడా ఆకే. మీ పాత డిస్కును ఈ వారమే బయటకు తీయండి. రెండు ప్రతులు చేసి, ఒకటి వేరే ఊళ్ళో ఉన్న బంధువు ఇంట పెట్టండి. దొరకనిది ఏదైనా ఉంటే ఆ చోట చుక్కలు పెట్టండి. ఆ చుక్కలు చూసి, దానికి మరో ప్రతి ఉన్నవారెవరైనా రేపు పూరించవచ్చు.